రేకు మీద మాట

డాబాగార్డెన్స్‌లో మేడ మీద రెండు గదులు,
కింద టైర్లకి పంక్చర్లు.
బోర్డు మీద "పి. రత్నం, ప్రకటనలు" అని మాత్రమే.
వచ్చినవాళ్లు ఆవిడనే అడిగేవారు,
"రత్నంగారు లేరా అమ్మా?"
"కూచోండి, పిలుస్తాను" అని లోపలికెళ్లి
వేళ్లకంటిన ఎర్ర ఎనామిల్ కిరసనాయిల్‌తో తుడుచుకుని
అదే కుర్చీలోకి తిరిగొచ్చి
"చెప్పండి" అనేది పైడిరత్నం.

కొందరు అప్పుడే లేచి వెళ్లిపోయారు.

తండ్రి రేవులో పడవలకి పేర్లు రాసేవాడు.
ఉప్పుగాలి తినెయ్యని అక్షరం ఎలా దిద్దాలో
ఆయన మోకాళ్ల దగ్గర కూచుని నేర్చింది.
ఆ రోజుల్లో ప్రకటనలు బొంబాయిలో పుట్టి ఇంగ్లీషులో దిగేవి,
మనవాళ్లు వాటికి తెలుగు తొడిగేవారు
అన్న చొక్కా తమ్ముడికి తొడిగినట్టు, చేతులు మడిచి.
ఈవిడ కొలతలు తీసుకుని కుట్టేది.
కొలతలకి పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి పోయేది,
బేరాలు వినడానికి, ఏమీ కొనకుండా.
"సరుకు సంగతి సరుకు చూసుకుంటుంది,
సంచీ మోసే చెయ్యి సంగతి రాయండర్రా" అనేది.

గొడుగుల కంపెనీకి జగదాంబ దగ్గర పెద్ద బోర్డు కట్టించి
గొడుగు బొమ్మే వెయ్యలేదు. రెండు ముక్కలు రాసింది:
యారాడ కొండ కనబడలేదా?
పట్టుకెళ్లండి.
ఆ ఏడు ఊరు ఊరంతా
కొండ వైపు చూశాకే గడప దాటింది.
కంపెనీ మూతపడి ముప్ఫై ఏళ్లయింది.
చూడ్డం మానలేదు జనం.

మద్రాసు వాళ్లిచ్చిన ఇత్తడి బహుమతి
ఫ్యాను కింద కాయితాలు ఎగరకుండా పనికొచ్చింది.

ఎనభై తొమ్మిదిలో చీట్ల కంపెనీ వచ్చింది.
ఒక్క మాటే రాసింది, పదకొండు బోర్డుల మీద,
పసుపు మీద నలుపు: నమ్మకం.
మ కింద మ
చంకలో పిల్లలా ఒదిగి ఉండేది.
నిచ్చెన పట్టుకున్నది నేనే. అంత అందమైన అక్షరం
మళ్లీ చూడలేదు.

పద్నాలుగు నెలలకి కంపెనీకి తాళం.
ఒక మధ్యాహ్నం ఖాళీ గంపతో మెట్లెక్కి వచ్చింది
చేపలమ్మే ఎర్రమ్మ.
మేం పోలీసులనో లాయరనో ఏదో చెప్పబోయాం.
ఆమె రత్నం వైపే చూసింది.
"నాకు సదువు రాదమ్మా. మనవరాలు సదివి సెప్పింది.
బాగా రాసినావు."
అంతే. గంప నెత్తికెత్తుకుని దిగిపోయింది.

ఆ రాత్రి రత్నం ఏమీ మాట్లాడలేదు.
తెల్లరంగు డబ్బా నా చేతికిచ్చింది.
తెల్లారేసరికి పదకొండూ తుడిచేశాం.
ఆ తర్వాత ఆ ఆఫీసులో
ఉప్పుకీ, ఉంగరానికీ, ఆసుపత్రికీ కూడా
ఆ మాట ఎవరూ రాయలేదు.

హుద్‌హుద్‌కి ఊళ్లో హోర్డింగులన్నీ కాయితాల్లా లేచిపోయాయి.
నెల తర్వాత జాలారిపేటలో ఒక పాక కప్పు మీద
చూశాను ఆ రేకు.
పాతికేళ్ల రంగులు పొరలు పొరలుగా ఊడి
పసుపు బయటపడింది, తలకిందులుగా మ్మ.
పరిగెత్తుకెళ్లి చెప్పాను.
అప్పటికి ఆవిడకి చూపు ఆనడం లేదు.
"కారుతోందా?" అంది.
లేదన్నాను.
"అయితే ఉండనీ."

పోయిన మార్చిలో పోయింది.
పేపర్లో నాలుగు లైన్లు వేశారు,
రత్నంగారి మరణం తీరని లోటట,
ఆయన సేవలు మరువలేనివట.

ఇప్పుడు సిరిపురంలో అద్దాల మేడ మాది.
తెర మీద ఎనిమిది సెకన్లకో మాట మారిపోతుంది.
నిన్న కొత్త కుర్రాడొకడు బ్యాంకు ప్రకటన తెచ్చాడు,
మధ్యలో పెద్దక్షరాలతో ఆ మాట.
నా వేలు దాని మీదికి వెళ్లి ఆగిపోయింది.
"ఏం సార్, బాలేదా?"
ఎక్కణ్ణించి మొదలుపెట్టి చెప్పను?
కిటికీలోంచి చూశాను.
కొండ లేదు.
"గొడుగు తెచ్చుకున్నావా?" అని అడిగాను.